వెలిసిపోయిన కారు నల్ల ప్లాస్టిక్‌ను మళ్ళీ నలుపుకు తేవడం: మొదటి కడుగు నుంచి చివరి కోటింగ్ దాకా

పాత బండికి పెయింటు ఇంకా బాగానే ఉంటుంది, ఇంజను కూడా మాట వింటూనే ఉంటుంది. బంపర్లు, తలుపుల కింది క్లాడింగ్ (బయట బిగించే ప్లాస్టిక్ పట్టీలు), మిర్రర్ డొప్పలు, వైపర్ల కింది జాలీ మాత్రం తెల్లబారిపోయి, బండి వయసును నాలుగైదేళ్ళు పెంచేస్తాయి. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: "ఏం రాస్తే నల్లగా అవుతుంది?"

ఏం రాయాలన్నది మూడో ప్రశ్న. ప్లాస్టిక్ ఏ స్థితిలో ఉందో తేల్చుకోవడం మొదటిది. ఎంత శుభ్రంగా కడిగామన్నది రెండోది. ఈ రెండూ సరిగ్గా కుదిరితే మామూలు సరుకుతోనూ మంచి పని జరుగుతుంది. కుదరకపోతే ఖరీదైన కోటింగ్ కూడా మచ్చలుగా తేలుతుంది, లేదా నాలుగు కడుగులకే పోతుంది.

కింద చెప్పేదంతా నెల్లూరు, ఒంగోలు వైపు ఎండకు, ఉప్పుగాలికి, బోరు నీళ్ళకు తగ్గట్టు చెప్పింది. మరోచోట ఉన్నవాళ్ళు వేళలు మార్చుకుంటే చాలు, క్రమం మాత్రం అదే.

## 1. ముందు ప్లాస్టిక్ పరిస్థితి తేల్చుకోండి

పెయింటు వేయని నల్ల భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. అందులో నలుపు కోసం, ఎండను తట్టుకోవడం కోసం కార్బన్ బ్లాక్ అనే మసి లాంటి నల్లపొడి కలుపుతారు. ఏళ్ళ తరబడి ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పొరను తినేస్తాయి. కంటికి కనపడనంత సన్నటి పగుళ్ళు వస్తాయి. గరుకెక్కిన ఆ పొర మీద వెలుగు చెదిరిపోయి మనకు బూడిద రంగు కనిపిస్తుంది. అంటే చాలా బండ్లలో లోపలి నలుపు అలాగే ఉంటుంది, చెడిపోయింది పై పొర ఒక్కటే.

అందుకే నీళ్ళ పరీక్ష పనికొస్తుంది. బండిని నీడలో పెట్టి, ఒక భాగాన్ని కడిగి ఆరనివ్వండి. తర్వాత స్ప్రే సీసాతో అక్కడ నీళ్ళు కొట్టి దగ్గరగా చూడండి.

- తడి ఉన్నంతసేపు చిక్కటి నలుపు, ఆరగానే బూడిద: మంచి వార్త. నీళ్ళు ఆ సన్న పగుళ్ళను నింపినంతసేపు నలుపు కనపడుతోంది. ఆ పనినే శాశ్వతానికి దగ్గరగా చేసేది కోటింగ్. ఎక్కువ బండ్లు ఈ రకమే.
- తడిపినా అక్కడక్కడ తెల్ల మచ్చలు, గీతలు: పాత వ్యాక్స్ ఇరుక్కుంది, లేదా బోరు నీళ్ళ ఉప్పు పేరుకుంది. కడుగుతోనే సగం పని అయిపోతుంది.
- తడిపినా బూడిదగానే ఉంది, గోటితో గీస్తే పొడి రాలుతోంది: పై పొర పూర్తిగా పోయింది. పెయింటు వేయాలి, లేదా ఆ భాగమే మార్చాలి.
- పొలుసుల్లా లేస్తోంది: అది పెయింటు వేసిన ప్లాస్టిక్. ఈ మార్గదర్శి దానికి కాదు. పాత పెయింటు తీసి మళ్ళీ వేయించాల్సిందే.

ఇంకొకటి కూడా చూసుకోండి. కొన్ని పాత బండ్లకు క్లాడింగ్ కంపెనీ నుంచే ముదురు బూడిద రంగులో వచ్చింది. పాత స్కార్పియోలు చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. మడ్‌ఫ్లాప్ విప్పి దాని వెనక, ఎండ తగలని చోట చూస్తే అసలు రంగు తెలుస్తుంది. అసలు రంగే బూడిద అయితే, రంగు లేని కోటింగ్ దాన్ని ముదురు చేస్తుంది గాని నల్లగా మార్చదు.

కిటికీ అద్దాల అంచున ఉండే మెత్తటి బీడింగ్ రబ్బరు. దాని లెక్క వేరు, చివర్లో చెబుతాను.

## 2. ఏ నెలలో, ఏ వేళకు

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అవి వెనక్కి తగ్గాక జనవరి నుంచి మార్చి మధ్య దాకా ఈ పనికి మంచి కాలం. ఎండ మరీ ముదరదు, గాలి కూడా కాస్త పొడిగా ఉంటుంది.

జనవరిలో ఒక చిక్కు ఉంది. సంక్రాంతికి బండి మెరవాలని సాయంత్రం కోటింగ్ వేసి ఆరుబయట వదిలేస్తారు. తెల్లారేసరికి మంచు పడి, ఆరని కోటింగ్ మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు తేలతాయి. ఆ కాలంలో ఉదయం తొమ్మిది దాటి, బండి మీద తడంతా ఆరాక మొదలుపెట్టండి. ఆ రాత్రి పైకప్పు కింద ఉంచండి.

ఏప్రిల్, మే నెలల్లో తప్పదంటే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. నల్ల ప్లాస్టిక్ ఎండను పీల్చుకుని, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. అప్పుడు కోటింగ్ పరుచుకోకముందే గట్టిపడి చారలు పడుతుంది. చేతి వెనక భాగాన్ని ప్లాస్టిక్ మీద పెట్టి చూడండి. చల్లగా అనిపిస్తేనే పని మొదలు.

సముద్రానికి దగ్గరగా, మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఉండేవాళ్ళు మధ్యాహ్నం గాలి మొదలవక ముందే ముగించేయండి. ఆ గాలి తెచ్చే ఉప్పు తేమ, సన్న ఇసుక తడి కోటింగ్‌కు అంటుకుంటే మళ్ళీ మొదటికి రావాలి.

## 3. దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

- కారు షాంపూ, రెండు బకెట్లు
- ఆల్ పర్పస్ క్లీనర్ (ఒక వంతుకు పది వంతుల నీళ్ళు కలపడం సాధారణం, సీసా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి)
- మెత్తటి బట్టల బ్రష్, ఒక పాత టూత్‌బ్రష్
- తెల్ల వెనిగర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది)
- మైక్రోఫైబర్ గుడ్డలు ఏడెనిమిది, వాటిలో రెండు తెల్లవి తప్పనిసరి
- ఒకటి, ఒకటిన్నర అంగుళాల కాగితం మాస్కింగ్ టేప్
- నైట్రైల్ గ్లౌజులు
- ఎంచుకున్న కోటింగ్, దాంతో వచ్చే స్పాంజి దిమ్మ

థిన్నర్, పెట్రోలు, అసిటోన్ దగ్గరికి రానివ్వకండి. ప్లాస్టిక్‌కు గాని, పక్కనున్న పెయింటుకు గాని, బీడింగుకు గాని ఏదో ఒక దానికి దెబ్బ తగులుతుంది.

## 4. కడగడం: అసలు పని ఇదే

ఈ భాగానికి రెండు గంటలు పట్టినా పర్వాలేదు. కోటింగ్ పట్టుకునేది ప్లాస్టిక్‌ను. మధ్యలో నూనె గాని, వ్యాక్స్ గాని, దుమ్ము గాని ఉంటే అది వాటిని పట్టుకుని, వాటితోపాటే ఊడిపోతుంది.

4.1 మొదట ఉత్త నీళ్ళు. పొడి గుడ్డతో తుడవడం వద్దు. చీమకుర్తి చుట్టుపక్కల తిరిగే బండ్ల మీద గ్రానైట్ పొడి ఉంటుంది. గుడ్డ కింద పడితే అది పెయింటును, ప్లాస్టిక్‌ను రెండింటినీ గీరేస్తుంది. పైప్ పెట్టి పైనుంచి కిందికి ధారాళంగా వదలండి. చక్రాల పైన ఉండే ఆర్చ్‌ల అంచుల్లో, బంపర్ కింది పెదవిలో మట్టి గడ్డలు కట్టి ఉంటుంది. చేత్తో తడిమి చూస్తే తెలుస్తుంది.

ముందు బంపర్ మీద హైవే పురుగులు ఎండిపోయి ఉంటే గీకవద్దు. తడి తువ్వాలు పది నిమిషాలు కప్పి ఉంచితే వాటంతట అవే వదులుతాయి. తారు చుక్కలకు కాస్త కిరోసిన్ అద్దిన గుడ్డ పనిచేస్తుంది. అది నూనె మరక వదులుతుంది కాబట్టి వెంటనే అక్కడ సబ్బునీళ్ళతో రుద్దాలి.

4.2 షాంపూతో బండి మొత్తం. ప్లాస్టిక్ ఒక్కటే కడిగితే పైనున్న దుమ్ము కారి మళ్ళీ దాని మీదికే వస్తుంది.

4.3 క్లీనర్, బ్రష్. ఒక్కో భాగం మీద క్లీనర్ చల్లి అర నిమిషం ఆగి బ్రష్‌తో రుద్దండి. ప్లాస్టిక్ మీద తోలు మీద ఉన్నట్టు సన్నటి గింజలు ఉంటాయి. మురికి దాగేది ఆ గింజల మధ్యే. అందుకే బ్రష్‌ను అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా మూడు రకాలుగా తిప్పాలి. నురుగు బూడిద రంగుకో, గోధుమ రంగుకో తిరగడం మీకే కనపడుతుంది. ఆరకముందే కడిగేయండి. క్లీనర్ ఆరితే అదే ఒక మరక.

4.4 తెల్ల గుడ్డ పరీక్ష. తడి తెల్ల మైక్రోఫైబర్‌ను వేలికి చుట్టి గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడితే మళ్ళీ 4.3. ఎన్నేళ్ళుగానో డాష్‌బోర్డ్ పాలిష్ పూసిన బండ్లకు మూడు నాలుగు సార్లు చేయాల్సి వస్తుంది. విసుగొస్తుంది, అయినా ఆపకండి. మరీ వెలిసిన ప్లాస్టిక్ కొంచెం పొడి వదులుతూనే ఉంటుంది. గుడ్డ మీద జిడ్డు నలుపు పోయి పలచటి బూడిద మాత్రమే వస్తుంటే ఇక చాలు.

4.5 వ్యాక్స్ మరకలు. పెయింటుకు పాలిష్ పట్టినప్పుడు అంచు దాటి గింజల్లో ఇరుక్కున్న తెల్ల మరకలు ఇవి. నీళ్ళు కలపని క్లీనర్ టూత్‌బ్రష్‌కు అద్ది మరక మీద మాత్రమే రుద్దండి. మొండి మరకకు పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరు కూడా పనిచేస్తుంది. మెలమైన్ స్పాంజి (మరకలు తీసే తెల్ల స్పాంజి) వాడేవాళ్ళు గుర్తుంచుకోండి, అది సన్నటి ఎమెరీ పేపరు లాంటిది. గింజలున్న చోట నెమ్మదిగా వాడొచ్చు. నున్నటి, మెరిసే ప్లాస్టిక్ మీద వాడితే గీతలే మిగులుతాయి.

4.6 బోరు నీళ్ళ తెలుపు. గంధం పూసి ఎండిపోయినట్టు చారలు కనపడితే అది నీళ్ళలోని సున్నం. వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డతో అద్ది, రెండు మూడు నిమిషాలాగి బ్రష్‌తో రుద్ది కడిగేయండి. ఎండలో వద్దు, పెయింటు మీద ఆరనివ్వొద్దు.

ఇక చివరి కడుగుకు ఏ నీళ్ళు? ఉప్పునీళ్ళ బోరు ఉన్న ఇంట్లో ఎంత కడిగినా ఆరాక తెల్ల చుక్కలు మిగులుతాయి. ఏసీ పైప్ నుంచి కారే నీళ్ళు ఒక శుభ్రమైన బకెట్‌లో పట్టుకోండి. గాలిలోని తేమే కదా, అందులో లవణాలు దాదాపు ఉండవు. చివరి కడుగుకు, ఆల్కహాల్‌లో కలపడానికి ఇవే మేలు. ఆర్‌ఓ ఫిల్టర్ బయటికి వదిలే వృథా నీళ్ళు మాత్రం వాడకండి. మంచినీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది, మామూలు బోరు నీళ్ళకంటే అవే ఎక్కువ మచ్చలు చేస్తాయి.

4.7 ఆరబెట్టడం. గుడ్డతో తుడిచాక పని అయిపోయిందనుకోవద్దు. క్లాడింగ్ సందుల్లో, మిర్రర్ డొప్ప లోపల, తలుపు హ్యాండిల్ వెనక నీళ్ళు దాక్కుంటాయి. సరిగ్గా కోటింగ్ వేసేటప్పుడే అవి కారతాయి. తలుపులు రెండు మూడుసార్లు తెరిచి మూయండి, చుట్టుపక్కల ఓ రౌండ్ తిప్పుకుని రండి, మళ్ళీ తుడవండి. నీడలో గంటసేపు వదలండి.

4.8 ఆల్కహాల్ తుడుపు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఏసీ నీళ్ళు సగం సగం కలిపి, గుడ్డ మీద చల్లి ఒక్కో భాగం తుడవండి. గుడ్డ తిరగేస్తూ ఉండాలి. ఇది చివరి జిడ్డును తీస్తుంది. చేసేటప్పుడు బీడీ, సిగరెట్, అగ్గి ఏవీ దగ్గర ఉండకూడదు. ఈ తుడుపు తర్వాత ప్లాస్టిక్‌ను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

కోటింగ్‌కు ముందు చూసుకోవాల్సినవి:

- తెల్ల గుడ్డకు జిడ్డు నలుపు అంటడం లేదు
- నీటి చుక్క గుండ్రంగా నిలబడకుండా పలచగా పరుచుకుంటోంది (నిలబడితే పాత పాలిష్‌లోని సిలికాన్ ఇంకా ఉండొచ్చు, 4.3 కు వెళ్ళండి)
- సందుల్లోంచి నీళ్ళు కారడం లేదు
- ప్లాస్టిక్ చేతికి చల్లగా ఉంది

## 5. టేపు వేయడం

ప్లాస్టిక్, పెయింటు కలిసే ప్రతి అంచున పెయింటు మీద టేపు వేయండి. గోటితో అంచును గట్టిగా నొక్కాలి. నంబరు ప్లేటు, లైట్లు, పార్కింగ్ సెన్సర్లు కూడా కప్పండి. సెన్సర్ మీద మందంగా ఏదైనా పడితే అది తప్పుడు బీప్‌లు ఇస్తుంది. టేపును ఎండలో గంటలకొద్దీ వదిలేస్తే జిగురు పెయింటుకు అంటుకుపోతుంది. పని అవ్వగానే తీసేయండి.

## 6. ఏ దారి?

డ్రెస్సింగ్. పూసి తుడిచేసే ద్రవం. పది నిమిషాల్లో నల్లగా అవుతుంది, కొన్ని వారాల్లో పోతుంది. బండి అమ్మే ముందో, పెళ్ళికి తీసుకెళ్ళేటప్పుడో సరిపోతుంది. వాడితే నీళ్ళ ఆధారిత రకమే తీసుకోండి. జిడ్డుగా ఉండే సిలికాన్ రకం మన దుమ్ము రోడ్ల మీద సాయంత్రానికే మట్టి కొట్టుకుపోతుంది.

ట్రిమ్ కోటింగ్. బండి బయటి నల్ల ప్లాస్టిక్ భాగాలనే ట్రిమ్ అంటారు. వాటి మీద గట్టిపడే పొర ఇది. సిరామిక్ అనో, ట్రిమ్ రెస్టోరర్ అనో అమ్ముతారు. నీళ్ళ పరీక్షలో మొదటి రకం వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఇదే. బాగా కడిగి వేస్తే, ఎండలో నిలబడే బండికి కూడా నెలల తరబడి ఉంటుంది. మరీ పాలిపోయిన చోట నల్ల రంగు కలిసిన రకం దొరికితే అది తీసుకోండి.

పెయింటు. పై పొర రాలిపోతున్నప్పుడే.

కొనేముందు ఇంకో లెక్క వేసుకోండి. మారుతి 800, పాత ఆల్టో, ఓమ్ని లాంటి బండ్ల నల్ల బంపరు పగిలి, వెలిసి ఉంటే కొత్తదాని ధర ఒకసారి స్పేర్ పార్ట్స్ షాపులో అడిగి చూడండి. కొన్నిసార్లు అదే తేలిక. డస్టర్, ఎకోస్పోర్ట్ లాంటి వాటికి చుట్టూ క్లాడింగ్ ఉంటుంది. అన్నీ కొత్తవి కొనడం ఖర్చు, కాబట్టి అక్కడ కోటింగ్‌కే విలువ.

వంటింటి చిట్కాలు, షెడ్డు చిట్కాల గురించి కూడా అడుగుతున్నారు. కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు నల్లగా ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి మునుపటికంటే అసహ్యంగా అవుతుంది. బూట్ పాలిష్ మొదటి వానకు పెయింటు మీదికి కారుతుంది. వాడేసిన ఇంజనాయిల్ చర్మానికే మంచిది కాదు. కడిగాక డీజిల్ గుడ్డతో బంపరు తుడిచే అలవాటు కొన్ని వాషింగ్ షెడ్లలో ఉంది. అప్పటికప్పుడు నిగనిగలాడుతుంది, కానీ పక్కనున్న రబ్బరు బీడింగులు ఉబ్బి వదులవుతాయి, ప్లాస్టిక్‌కు జిడ్డు పడుతుంది. బండి ఇచ్చేటప్పుడే "అన్నా, ప్లాస్టిక్‌కు డీజిల్ పెట్టొద్దు, ఉత్త నీళ్ళు చాలు" అని చెప్పేయండి.

## 7. కోటింగ్ వేసే క్రమం

1. బయటికి కనపడని చిన్న చోట ముందు వేసి చూడండి. వెనక బంపర్ కింది మూల బాగుంటుంది. రంగు నచ్చితేనే ముందుకు వెళ్ళండి.
2. సీసా బాగా కుదిపి, స్పాంజి మీద ఐదారు చుక్కలు వేయండి. ప్లాస్టిక్ మీద నేరుగా పోయొద్దు.
3. ఒకసారికి జానెడు, జానెడున్నర మేర మాత్రమే తీసుకోండి. ముందు అడ్డంగా, వెంటనే నిలువుగా రుద్దండి. గింజల మధ్యలోకి వెళ్ళాలి కాబట్టి కాస్త ఒత్తండి.
4. ఒకటి రెండు నిమిషాల్లో, సీసా మీద చెప్పినంత సమయం చూసి, పొడి మైక్రోఫైబర్‌తో పైపైన తుడవండి. ఉద్దేశం మిగులును తీయడమే, గట్టిగా రుద్దితే వేసిందంతా గుడ్డకే పోతుంది. వేడి రోజైతే ఇంకా త్వరగా తుడవాలి.
5. పక్క భాగం మొదలుపెట్టేటప్పుడు ముందుదాని అంచు మీద ఒక అంగుళం ఎక్కించండి. లేకపోతే మధ్యలో బూడిద గీత మిగిలిపోతుంది.
6. ఒక ప్యానెల్ అవ్వగానే సెల్‌ఫోన్ టార్చిని పక్కవాటంగా పట్టుకుని చూడండి. జిడ్డుగా మెరిసే గీత కనపడితే ఇప్పుడే తుడవండి. ఆలస్యమైతే తీయడం కష్టం.
7. పెయింటు మీద చుక్క పడితే ఆలస్యం వద్దు, ఆల్కహాల్ గుడ్డతో వెంటనే తీసేయండి.
8. మొత్తం అయ్యాక గంట ఆగి, బాగా వెలిసిన భాగాలకు రెండో పూత వేయండి. అప్పటికే నల్లగా ఉన్న చోట రెండోది అక్కర్లేదు.
9. టేపు తీసేయండి. కోటింగ్ తుడిచిన గుడ్డలు గట్టిపడిపోతాయి, వాటితో మళ్ళీ పెయింటు తుడవకండి.

కనీసం 24 గంటలు నీళ్ళు, మంచు తగలకూడదు. వారం దాకా షాంపూ వద్దు. బాడీ కవర్ కప్పాలనిపిస్తుంది, కప్పకండి. ఆరని కోటింగ్ మీద గుడ్డ అచ్చు పడుతుంది.

చిన్న కారుకు 30 మిల్లీలీటర్ల సీసా సాధారణంగా సరిపోతుంది. మూత తీశాక గాలిలోని తేమ తగిలి సీసాలోనే చిక్కబడుతుంది కాబట్టి, మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోవడం దండగ.

## 8. హీట్ గన్ గురించి

హీట్ గన్ అంటే వేడిగాలి ఊదే యంత్రం. వీడియోల్లో గన్ ముందుకు కదిలేకొద్దీ బూడిద ప్లాస్టిక్ కళ్ళముందే నల్లబడుతూ పోతుంది. అది నిజమే. వేడికి పై పొర కాస్త కరిగి, సన్న పగుళ్ళు పూడుకుపోతాయి. కానీ ఎండనుంచి దానికి కొత్తగా రక్షణ ఏమీ రాదు. పైన కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్ళీ తెల్లబడుతుంది.

పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. హీట్ గన్ మూతి దగ్గర వేడి 500 డిగ్రీలు దాటగలదు. ఒక్క క్షణం చెయ్యి ఆగితే గింజలు కరిగి నున్నటి మెరుపు మచ్చ మిగులుతుంది. దాన్ని ఇక బాగుచేయలేం. నా సలహా: బండికి ఉన్న భాగాల మీద వాడొద్దు. విప్పగలిగిన మడ్‌ఫ్లాప్, చక్రం ఆర్చ్ లాంటివి నేల మీద పెట్టి, తక్కువ సెట్టింగ్‌లో, చెయ్యి ఆపకుండా చేయొచ్చు. రంగు మారిన క్షణమే ముందుకు కదలాలి. ఆల్కహాల్ తుడిచి ఉంటే అది పూర్తిగా ఆరాకే గన్ ఆన్ చేయాలి. ముందద్దం, లైట్లు, పెయింటు దగ్గర అసలు వద్దు. వేడికి అద్దం పగలొచ్చు.

## 9. పెయింటు వేయాల్సి వస్తే

పాలీప్రొపిలీన్‌కు పెయింటు తనంతట తాను అంటుకోదు. అందుకే షాపులో "ప్లాస్టిక్ ప్రైమర్" అని ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి. మామూలు ప్రైమర్ వేస్తే రెండు నెలలకే పొరలు లేస్తుంది. నెల్లూరు ఆటోనగర్‌లోనో, ఒంగోలు పెయింటు షాపుల్లోనో అడిగేటప్పుడు బంపరు విప్పి, లోపలి వైపు అచ్చు వేసిన అక్షరాలు ఫోటో తీసుకెళ్ళండి. పీపీ (పాలీప్రొపిలీన్), పీపీ ప్లస్ ఈపీడీఎం (రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్), ఏబీఎస్ (మరో రకం ప్లాస్టిక్) అని ప్లాస్టిక్ రకం ఏదో ఒకటి ఉంటుంది. ఏ ప్రైమర్ సరిపోతుందో చెప్పడం వాళ్ళకు తేలికవుతుంది.

- 4వ భాగంలోని కడుగంతా పూర్తి చేయండి.
- స్కాచ్‌బ్రైట్‌తో, లేదా 600 నంబరు వాటర్ పేపర్‌తో పైపైన గరుకు చేయండి. గింజలు అరిగిపోయేలా రుద్దొద్దు.
- ఆల్కహాల్‌తో తుడిచి, ప్లాస్టిక్ ప్రైమర్ ఒక పలచటి పూత.
- మ్యాట్ (మెరుపు లేని) లేదా శాటిన్ (కొద్దిపాటి మెరుపున్న) నలుపు మూడు పలచటి పూతలు, పూతకూ పూతకూ పది పదిహేను నిమిషాలు. స్ప్రే డబ్బా 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, చెయ్యి ఆగకుండా.
- ముక్కుకు మంచి మాస్క్, గాలి వచ్చే చోటు.

మెరిసే నలుపు తీసుకోకండి. గింజల ప్లాస్టిక్ మీద అది అతికించినట్టు ఉంటుంది. గట్టిపడడానికి వారం ఇవ్వండి.

## 10. వైపర్ల కింది జాలీ, అద్దాల బీడింగ్

బండిలో ముందుగా వెలిసేది, మళ్ళీ ముందుగా పాడయ్యేది ఆ జాలీయే. పైనుంచి ఎండ, కిందినుంచి ఇంజను వేడి, ముందద్దం మీంచి కారే నీళ్ళన్నీ దానిమీదే. బానెట్ ఎత్తి, ఆకులు, చెత్త ఏరేసి, టూత్‌బ్రష్‌తో కడగండి. వైపర్ బ్లేడ్లు లేపి పెట్టి గుడ్డతో చుట్టండి. కోటింగ్ ముందద్దానికి అంటితే వాన రాత్రి వైపర్ వేసినప్పుడు మసకగా కనపడుతుంది, అది ప్రమాదం. కాబట్టి అద్దం అంచున టేపుతోపాటు న్యూస్‌పేపర్ కూడా అతికించండి. ఇక్కడ రెండు పూతలు తప్పనిసరి.

రబ్బరు బీడింగుకు ట్రిమ్ కోటింగ్ వద్దు. అది వంగుతుంది, కోటింగ్ పగులుతుంది. సబ్బునీళ్ళతో తుడిచి, రబ్బరుకోసమే చేసిన నీళ్ళ ఆధారిత డ్రెస్సింగ్ నెలకోసారి పలచగా రాస్తే చాలు.

## 11. తేడా వచ్చిందా? దిద్దుకునే దారి

చారలు, మెరుపు గీతలు మిగిలాయి. టెన్షన్ పడకండి. అదే కోటింగ్ కొంచెం స్పాంజి మీద తీసుకుని ఆ చోట రుద్ది వెంటనే తుడవండి. మొదటి రోజుల్లో అయితే పాత పొర మెత్తబడి కలిసిపోతుంది. బాగా గట్టిపడిపోయి ఉంటే క్లీనర్, బ్రష్‌తో ఆ ప్యానెల్ వరకు మళ్ళీ మొదలుపెట్టాలి.

నల్లగా ఉంది గాని అక్కడక్కడ బూడిద పొడలు. ఆ చోట కోటింగ్ తక్కువ పడింది, లేదా జిడ్డు మిగిలింది. నీటి చుక్క వేసి చూడండి. పరుచుకుంటే ఇంకో పూత చాలు. గుండ్రంగా నిలబడితే కోటింగ్ అక్కడ ఉంది, అయినా కిందున్న ప్లాస్టిక్ బాగా పోయింది. రంగు కలిసిన రకమే దారి.

మంచు చుక్కల మచ్చలు. వారం ఆగి, వెనిగర్ నీళ్ళతో సున్నితంగా తుడిచి చూడండి. పోకపోతే ఆ భాగానికి ఇంకో పలచటి పూత.

పెయింటు మీద ఆరిపోయిన కోటింగ్. గోటితో, బ్లేడుతో గీకొద్దు. చేత్తో పట్టే సన్నటి పాలిషింగ్ కాంపౌండ్‌తో నెమ్మదిగా రుద్దితే వస్తుంది.

వానకు నల్ల నీళ్ళు కారుతున్నాయి. వేసింది కోటింగ్ కాదు, రంగు కలిపిన డ్రెస్సింగ్. మొత్తం కడిగి 7వ భాగం నుంచి మళ్ళీ చేయండి.

## 12. తర్వాత

రెండు వారాలకోసారి మామూలు షాంపూ కడుగు. ఘాటైన క్లీనర్ వద్దు. సముద్రం ఒడ్డుకు వెళ్ళొచ్చిన రోజు ఇంటికి రాగానే మంచినీళ్ళతో ఒకసారి తడిపేయండి. ఈసారి బండికి పాలిష్ పట్టేటప్పుడు ప్లాస్టిక్ అంచులకు ముందే టేపు వేయండి, 4.5 పని తప్పుతుంది.

రోజంతా ఎండలో నిలబడక తప్పని బండిని వీలైనప్పుడల్లా దిశ మార్చి పెట్టండి. ఎప్పుడూ ఒకే పక్క ఎండ తగిలే బండిలో ఎడమ క్లాడింగ్ ఒక రంగు, కుడిది ఒక రంగు అవ్వడం చూస్తుంటాం.

కడిగిన ప్రతిసారీ నీళ్ళు చుక్కలుగా జారుతున్నాయా, పరుచుకుంటున్నాయా గమనించండి. పరుచుకోవడం మొదలైతే కోటింగ్ పలచబడినట్టే. మొదట అది జాలీ మీద, బానెట్‌కు దగ్గరి భాగాల మీద కనపడుతుంది. అక్కడ మాత్రం కడిగి, ఆల్కహాల్ తుడిచి ఒక పూత వేసుకోండి. బండి మొత్తం చేయాల్సిన పని లేదు.